మంగు మచ్చలకి క్రీమ్ రాసే ముందు ట్యూబు మీద తేదీ రాయండి

మాది విజయవాడ. గవర్నర్‌పేటలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నా, పదకొండేళ్లు అయ్యింది. ఈ పదకొండేళ్లలో జ్వరం బిళ్ల తర్వాత ఎక్కువ మంది అడిగింది ఏంటంటే మొహానికి క్రీమ్. ఫోన్‌లో ఫొటో చూపిస్తారు, లేకపోతే పిండి పిండి చుట్టలాగా అయిపోయిన ఖాళీ ట్యూబు పర్సులోంచి తీసి ఇదే ఇవ్వండి, మా వదిన వాడింది, మంగు మొత్తం పోయిందంట అంటారు. నాకూ మంగు ఉంది. చిన్నపాప కడుపులో ఉన్నప్పుడు ఐదో నెలలో మొదలైంది, ముందు పై పెదవి మీద మీసం లాగా గీత కనిపించింది, తర్వాత రెండు బుగ్గలకీ పాకింది. పాపకి ఇప్పుడు ఏడేళ్లు. కాబట్టి కౌంటర్ ఇటు పక్కా తెలుసు, అటు పక్కా తెలుసు.

పోయిన వేసవిలో తాడేపల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చింది, చున్నీ మొహానికి చుట్టుకునే మాట్లాడుతోంది. పెళ్లి ఐదు వారాలుందంట. చున్నీ తీస్తే బుగ్గలు రెండూ కమిలినట్టు ఎర్రగా ఉన్నాయి, సన్నటి రక్తనాళాలు గీతల్లాగా కనపడుతున్నాయి, గడ్డం దగ్గర పొక్కులు, చెంపల మీద నూగు పెరిగిపోయింది. చేతిలో ట్యూబు చూపించి ఇది అయిపోయిందక్కా ఇంకోటి ఇవ్వండి, ఒక్క రోజు రాయకపోతే మంట పుడుతోంది అంది. రెండేళ్లుగా రాస్తోందంట. మొదటిసారి ఎవరో ఒక నెలకి రాసిచ్చారు, ఆ తర్వాత ఆపమని ఎవరూ చెప్పలేదు, అమ్మిన వాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. నాకు ఆ రోజు రాత్రి అన్నం సహించలేదు. అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా. చీటీ రాయాల్సింది డాక్టరే, కానీ ఆ చీటీ పట్టుకుని ఇంటికెళ్ళాక ఎంత రాయాలి, ఎప్పుడు రాయాలి, ఎప్పుడు ఆపాలి అనేది ఓపీలో చెప్పే తీరిక వాళ్ళకి ఉండదు, అదే ఇక్కడ చెప్తా.

ముందు అసలు అది మంగేనా కాదా చూసుకోండి. మంగు అంటే గోధుమ రంగులోనో బూడిద కలిసిన గోధుమలోనో ఉండే మచ్చ, దాదాపు ఎప్పుడూ రెండు పక్కలా ఒకేలా వచ్చిద్ది, బుగ్గలు, నుదురు, ముక్కు మీద, పై పెదవి మీద, కొంతమందికి దవడ వెంబడి. దురద ఉండదు, నొప్పి ఉండదు, పొట్టు రాలదు. దురద ఉండి నల్లబడుతుంటే అది ఏదో పడకపోవడం వల్ల వచ్చే నలుపు అవ్వొచ్చు, నుదుటి అంచున, చెవుల ముందు నల్లబడితే తలకి వేసే రంగు మీద అనుమానపడండి, బొట్టు పెట్టేచోట నల్లబడితే ఆ కుంకుమ మార్చి చూడండి (స్టిక్కర్ జిగురుకి అయితే ఒక్కోసారి తెల్లగా కూడా అవుద్ది). మెడ వెనక, చెంపల పక్కన, నుదుటి మీద చర్మం మందంగా ముఖమల్ గుడ్డలాగా నల్లబడితే క్రీమ్ కొనే ముందు షుగర్ టెస్టు చేయించుకోండి, అది బరువుకీ ఇన్సులిన్‌కీ సంబంధించింది, ఎన్ని ట్యూబులు రాసినా ఒళ్ళు తగ్గితేనే అది తగ్గిద్ది. చికున్‌గున్యా వచ్చి తగ్గాక ముక్కు మీద నల్ల మచ్చలు పడ్డవాళ్ళు మా షాపుకి చాలా మంది వచ్చారు, అది వేరు, నెలల మీద దానంతటదే పలచబడుద్ది. చిన్నప్పటి నుంచి ఒక కంటి చుట్టూ మాత్రమే నీలంగా ఉంటే దానికి పైపూత మందు పనిచెయ్యదు, అది లోపలి పొరలో ఉంటది, లేజర్‌కి వెళ్ళాలి. శోభి అయితే పొట్టు రాలిద్ది, అది ఫంగస్, దాని మందు పూర్తిగా వేరు. ఏదో తేల్చుకోకుండా అన్నిటికీ ఒకే ట్యూబు రాస్తున్నారు మనవాళ్ళు, సగం నష్టం అక్కడే జరుగుతోంది.

మంగు ఎందుకు వచ్చిద్దో తెలిస్తే క్రీమ్ ఎందుకు ఒక్కటే చాలదో అర్థమవుద్ది. చర్మంలో మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి, రంగు తయారు చెయ్యడం వాటి పని, టైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉంటేనే ఆ రంగు తయారవుద్ది. ఎండ తగిలితే, హార్మోన్లు పెరిగితే ఆ కణాలు రెచ్చిపోయి ఎక్కువ రంగు పోస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు, పిల్లలు పుట్టకుండా మాత్రలు వేసుకునేటప్పుడు ఎక్కువగా వచ్చేది అందుకే. అమ్మకి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. మగవాళ్ళకి కూడా వచ్చిద్ది, ఆటో నడిపేవాళ్ళు, తాపీ పని చేసేవాళ్ళు అడుగుతుంటారు, కాకపోతే సిగ్గుపడి భార్య కోసం అని చెప్తారు. మనం రాసే క్రీములు దాదాపు అన్నీ ఆ టైరోసినేజ్‌ని అణిచిపెట్టేవో, తయారైన రంగుని తొందరగా పైకి తోసి రాల్చేసేవో. పొయ్యి మీద పాలు పొంగుతుంటే నీళ్లు చిలకరించడం లాంటిది క్రీమ్, కింద మంట తగ్గించకపోతే ఎన్నిసార్లు చిలకరిస్తారు? ఆ మంట ఎండ. బెజవాడ ఎండ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు, రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయి అనేది ఇక్కడ ఉత్త సామెతగా అనిపించదు.

అందుకని మొదటి మందు సన్‌స్క్రీన్. ఈ ముక్క చెప్పగానే చాలా మంది మొహం పక్కకి తిప్పుకుంటారు, అది డబ్బున్నోళ్ల సోకు అనుకుంటారు, కాదండీ, మంగు ఉన్నవాళ్ళకి అది మందే. కొనేటప్పుడు మూడు చూడండి. ఎస్‌పీఎఫ్ 30 కంటే తక్కువ వద్దు, మన ఎండకి 50 తీసుకోండి, అది చర్మాన్ని కమిలించే కిరణాల లెక్క. పీఏ అని రాసి పక్కన ప్లస్ గుర్తులు కనీసం మూడు ఉండాలి, అది నల్లబరిచే కిరణాల లెక్క. మూడోది చాలా మందికి తెలియదు, టింటెడ్ అని ఉంటది, అంటే చర్మం రంగులో ఉంటది, అందులో ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. మంగుని పెంచేది కంటికి కనపడని కిరణాలు ఒక్కటే కాదు, మామూలు వెలుగు కూడా పెంచిద్ది, మనలాంటి చామనఛాయ చర్మానికి మరీ ఎక్కువ. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగుని సరిగ్గా ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ ఆపిద్ది. పైగా జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాస్తే మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా అవుతుందని ఏడ్చేవాళ్ళకి ఈ టింటెడ్‌తో ఆ బాధ కూడా తీరుద్ది. ఫోన్ వెలుగుకి నల్లబడుతున్నామేమో అని అడుగుతుంటారు, ఎండతో పోలిస్తే అది లెక్కలోది కాదు, భయపడకండి.

ఎంత రాయాలి అనేదే అసలు సమస్య. చూపుడు వేలు, మధ్య వేలు రెండూ చాపి, వాటి మీద మొదలు నుంచి కొస దాకా గీత లాగా క్రీమ్ పిండండి, మొహానికీ మెడకీ కలిపి అంత కావాలి. ఎక్కువనిపిస్తే సగం సగం చేసి రెండు పొరలుగా రాయండి. దీన్ని నేను షాపులో ఇంకోరకంగా పట్టుకుంటా. 50 గ్రాముల ట్యూబు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సరిగ్గా రాస్తే నెల లోపే అయిపోవాలి. మూడు నెలలకి ఒకసారి కొనడానికి వస్తున్నారంటే వాళ్ళు బొట్టు బొట్టు రాసుకుంటున్నట్టు, ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 50 అని ఉన్నా మొహానికి అందేది అందులో చిన్న వాటా. ఖరీదైనది కొని పొదుపుగా రాసే కంటే చౌకది కొని ధారాళంగా రాయడం మంచిది, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

బయటికెళ్ళే 15, 20 నిమిషాల ముందు రాయండి. రెండు మూడు గంటలకి ఒకసారి మళ్ళీ రాయమని అంటారు, చెమట పట్టే మన ఊళ్ళో అది నిజంగా అవసరం, కానీ ఆఫీసులో, స్కూల్లో పనిచేసే వాళ్ళకి కుదరదు కదా, కనీసం మధ్యాహ్నం అన్నం తిన్నాక చెమట అద్దుకుని ఒకసారి రాయండి. ఇంట్లోనే ఉంటాం కదా అనకండి, కిటికీ అద్దంలోంచి నల్లబరిచే కిరణాలు వస్తాయి, బస్సులో కిటికీ పక్క సీటు కూడా అంతే, గుంటూరు బస్సులో రోజూ ఒకే పక్కన కూర్చుంటే ఆ పక్క బుగ్గ ముదురుతుంది. సన్‌స్క్రీన్ ఒక్కదాని మీద భారం వెయ్యకుండా గొడుగు పట్టుకోండి, బండి మీద అయితే నూలు చున్నీ మడత వేసి కట్టుకుని హెల్మెట్ అద్దం దించండి. గుంటూరు మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్ళే ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళకి గంటగంటకీ క్రీమ్ అంటే కుదిరే పని కాదు, పైగా కాయ ముట్టిన చేత్తో మొహం ముట్టకూడదు, వాళ్ళు పొద్దున ఇంట్లో ఒకసారి దట్టంగా రాసుకుని, టోపీ కానీ కొంగు కానీ కళ్ల దాకా లాక్కుని నీడలో కూర్చునేలా చూసుకుంటే అదే పెద్ద వైద్యం. పొయ్యి వేడికి కూడా మంగు ముదురుతుంది, వంటింట్లో కిటికీ తీసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, పెనం మీదకి మొహం వంచకండి.

ఇక ట్యూబుల సంగతి. మంగుకి ఎక్కువగా అమ్ముడయ్యేది మూడు మందులు కలిపిన క్రీమ్. అందులో హైడ్రోక్వినోన్ (టైరోసినేజ్‌ని అణిచేది), ట్రెటినోయిన్ (రంగుని పైకి తోసి రాల్చేది), ఒక స్టెరాయిడ్ (మంట, ఎరుపు తగ్గించేది) ఉంటాయి. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు ఈ కలయిక చెప్పారు, 2002లో అక్కడ హైడ్రోక్వినోన్ 4 శాతం, ట్రెటినోయిన్ 0.05, ఫ్లూసినోలోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ 0.01 శాతంతో చేసిన క్రీమ్‌కి అనుమతి వచ్చింది, అది కూడా ఎనిమిది వారాల వరకే వాడాలని. ఆ మందు చెడ్డది కాదు, మంగుకి ఉన్న పైపూతల్లో బాగా పనిచేసే వాటిల్లో అదొకటి. మన దగ్గర ఏమైందంటే స్టెరాయిడ్ స్థానంలో మొమెటాసోన్ 0.1 శాతం పెట్టినవి ఎక్కువ తిరుగుతున్నాయి, అది ఫ్లూసినోలోన్ కంటే ఘాటైనది, దానికి తోడు ఎనిమిది వారాలు అనే మాటే ఎవరికీ చేరలేదు. రాసిన వారానికే మొహం తెల్లగా నునుపుగా వచ్చిద్ది, ఆ నునుపు చూసి పది మంది అడుగుతారు, ఈవిడ పది మందికీ ఫొటో పంపిద్ది. ఆ తర్వాత నాలుగు నెలలకో ఆరు నెలలకో చర్మం పలచబడుద్ది, ఎర్రబడుద్ది, ఎండలో నిలబడితే మంట, ఆపితే మంగు ముందుకంటే నల్లగా తిరిగొచ్చిద్ది, దాంతో మళ్ళీ అదే రాస్తారు. తాడేపల్లి అమ్మాయికి జరిగింది అదే. స్టెరాయిడ్ పైపూతలు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో చేర్చింది, అయినా చీటీ లేదు ఇవ్వను అంటే నా మీద కోప్పడి పక్క వీధిలో కొనుక్కుంటున్నారు.

కాబట్టి ట్యూబు చేతికి రాగానే పెద్ద అక్షరాల పేరు వదిలేసి కింద చిన్న అక్షరాలు చదవండి, కళ్ళు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్, ఫ్లూసినోలోన్, డెక్సామెథాసోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. ఒట్టి బీటామెథాసోన్, క్లోబెటాసాల్ ట్యూబులు గజ్జి తామర పేరుతో ఇంట్లో ఉంటాయి, వాటిని మొహానికి అసలు రాయకండి. మూడు మందుల క్రీమ్ డాక్టర్ రాసిస్తే భయపడి పారెయ్యక్కర్లేదు, వాడండి, కానీ ఎన్ని వారాలు అని ఆ గదిలోనే అడిగి బయటికి రండి. ఇంటికొచ్చి మార్కర్ పెన్నుతో ట్యూబు మీద రెండు తేదీలు రాయండి, మొదలుపెట్టిన రోజు, ఆపాల్సిన రోజు. నేను మా షాపులో కొనేవాళ్ళకి నేనే రాసిస్తా, ఇది అలవాటు చేశాక మళ్ళీ మళ్ళీ అదే ట్యూబు కోసం వచ్చేవాళ్ళు నిజంగానే తగ్గారు. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్ళు మాత్రం ఇది చదివి ఈ రాత్రి నుంచే టక్కున ఆపెయ్యకండి, మొహం భగ్గుమంటది. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎలా తగ్గించుకుంటూ రావాలో, మధ్యలో మంటకి ఏం వాడాలో చెప్తారు, అప్పటిదాకా మొహానికి ఇంకే సీరమ్‌లూ ఫేస్‌ప్యాక్‌లూ తగిలించకుండా వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ రెండే ఉంచుకోండి. ఆ అమ్మాయి పెళ్లి అనుకున్న రోజుకే అయ్యింది, వైద్యం ఇంకా నడుస్తోంది, ఎర్రదనం చాలా వరకు తగ్గిందని మొన్న వాళ్ళమ్మగారు వచ్చినప్పుడు చెప్పారు.

హైడ్రోక్వినోన్ ఒక్కటే ఉన్న క్రీములు కూడా ఉంటాయి, 2 శాతం, 4 శాతం. రాత్రి పూట మొహం కడుక్కుని, పూర్తిగా ఆరాక, మచ్చ ఉన్నంత మేరకే పలచగా రాయాలి, మంచి చర్మం మీదకి పామితే చుట్టూ తెల్లటి గీత పడుద్ది. ముందు రెండు మూడు రోజులు చెవి వెనకాల కొంచెం రాసి చూడండి, ఎర్రబడి దురద పెడితే వద్దు. సాధారణంగా మూడు నెలలు, డాక్టర్ చూస్తుంటే ఇంకొంచెం, ఆ తర్వాత విరామం ఇవ్వాలి. ఏళ్ల తరబడి రాస్తే ఓక్రోనోసిస్ అనే నీలం కలిసిన నలుపు వచ్చిద్ది, చిన్న చిన్న గింజల్లాగా గరుకుగా ఉంటది, అది పోగొట్టడం మంగు కంటే కష్టం. క్రీమ్ తెల్లగానో లేత మీగడ రంగులోనో ఉండాలి, గోధుమ రంగులోకి తిరిగిందంటే గాలి తగిలి చెడిపోయింది, పారెయ్యండి. మన వేడికి బీరువా మీద పెడితే తొందరగా పాడవుద్ది, పెట్టె మీద ఎన్ని డిగ్రీల లోపు ఉంచాలో రాసి ఉంటది చూడండి. మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ రాస్తున్నవాళ్ళు రెండూ ఒకేసారి రాస్తే చర్మం మీద గోధుమ రంగు మరక పడుద్ది, కడిగితే పోయేదే కానీ హడలిపోతారు.

ట్రెటినోయిన్ ఉన్నది ఏదైనా రాత్రికే. మొహం మొత్తానికి శనగ గింజంత చాలు, ఎక్కువ రాస్తే తొందరగా పోదు, పొట్టు రాలి ఎర్రబడి ఆ మంట వల్లే ఇంకా నల్లబడుద్ది. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, తర్వాత రోజు విడిచి రోజు, అలవాటయ్యాక రోజూ. మాయిశ్చరైజర్ ముందు రాసి దాని మీద ఇది రాసినా పర్వాలేదు. కళ్ల దగ్గర, ముక్కు పక్క మడతలో, పెదవి మూలల్లో వద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు, హైడ్రోక్వినోన్ కూడా వద్దు.

వాళ్ళకీ, స్టెరాయిడ్ అంటే భయపడేవాళ్ళకీ నేను డాక్టర్‌ని అడగమని చెప్పే మందు ఎజెలాయిక్ యాసిడ్. 15, 20 శాతంలో దొరుకుద్ది, రెండు పూటలా రాయొచ్చు, గర్భంలో కూడా డాక్టర్లు వాడనిస్తారు, మొటిమలు కూడా ఉన్నవాళ్ళకి రెండు పనులూ అవుతాయి. మొదట్లో చీమలు పాకినట్టు చిరచిరలాడిద్ది, రెండు మూడు వారాల్లో తగ్గిద్ది, చాలా మంది ఆ చిరచిరకే వదిలేస్తారు, వదలకండి. నిదానంగా పనిచేసిద్ది, మూడు నెలలు అయ్యాకే తేడా చెప్పగలం. నా సొంత మొహం మీద ఎక్కువ కాలం నిలబడింది ఇదే. కోజిక్ యాసిడ్, ఆల్ఫా ఆర్బుటిన్, నియాసినమైడ్ 4, 5 శాతం, విటమిన్ సీ, ఇవన్నీ తేలికపాటివి, పెద్ద మందు విరామంలో ఉన్నప్పుడు పట్టు జారకుండా ఉంచడానికి పనికొస్తాయి. అన్నీ కొని ఒకేసారి రాయొద్దు, ఒకటి, మహా అయితే రెండు. ట్రానెక్సమిక్ యాసిడ్ సీరమ్ ఈ మధ్య బాగా అడుగుతున్నారు, అసలు అది రక్తస్రావం ఆపే మందు, మంగుకి కూడా పనిచేస్తుందని తేలింది. పైపూత పర్వాలేదు కానీ అదే పేరుతో మాత్రలు ఉంటాయి, వాటిని మీ అంతట మీరు కొని మింగకండి, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళకీ గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్ళకీ అది ప్రమాదం.

రోజు ఎలా నడవాలో ఒకసారి చెప్పేస్తా. పొద్దున మామూలు ఫేస్‌వాష్‌తో వేళ్లతో కడుక్కోండి, పీచు వద్దు, స్క్రబ్ వద్దు, రుద్దిన కొద్దీ నల్లబడుద్ది. తేలికపాటి సీరమ్ ఏదైనా ఉంటే అది, తర్వాత మాయిశ్చరైజర్, చివర సన్‌స్క్రీన్, దాని మీద కావాలంటే పౌడర్. రాత్రి కడుక్కుని ఆరనిచ్చి మందు క్రీమ్, పావుగంట ఆగి మాయిశ్చరైజర్. అంతే. పదిహేను రోజులకి ఒకసారి అదే కిటికీ దగ్గర, అదే టైముకి ఫొటో తీసుకోండి, అద్దంలో రోజూ చూసుకుంటే ఏమీ తగ్గనట్టే ఉంటది. ఎనిమిది వారాల లోపు ఏ నిర్ణయానికీ రావద్దు. చర్మం పై పొరలో ఉన్న మంగు తొందరగా తగ్గిద్ది, లోపలి పొరలోది మొండిది, డాక్టర్లు వుడ్స్ ల్యాంప్ అనే ఊదారంగు లైటు వేసి చూసి అది ఎంత లోతులో ఉందో అంచనా వేస్తారు.

ఇంటి వైద్యాల గురించి చెప్పకపోతే మా అత్తయ్యగారే ఒప్పుకోరు. జాజికాయ పాలల్లో అరగదీసి రాయడం మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉంది, కొందరికి ఏమీ కాదు, కొందరికి మంట పుట్టి ఇంకా నల్లబడుద్ది, రాసి మండితే వెంటనే కడిగెయ్యండి, పెద్దవాళ్ళు చెప్పారు కదా అని ఓర్చుకోకండి. పసుపు రాసుకుంటే చాలా మందికి నష్టం లేదు, మంగు పోవడానికి మాత్రం దాన్ని నమ్ముకోకండి. నిమ్మకాయ చెక్క మొహానికి రుద్దడం మాత్రం వద్దే వద్దు, ఆ రసం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలెక్కి నల్ల మచ్చలు పడతాయి, మంగు మీద మంగు అన్నమాట. తినే సోడా కూడా వద్దు. వీటన్నిటికంటే నేను భయపడేది పేరూ ఊరూ లేని తెల్లటి డబ్బా క్రీములకి, లోపల ఏముందో రాయరు, తయారీ లైసెన్స్ నంబరు ఉండదు, వారంలో తెలుపు అంటారు. అలాంటి వాటిల్లో పాదరసం దొరికింది చాలాసార్లు. మన రూల్స్ ప్రకారం మొహం క్రీములో పాదరసం పది లక్షల భాగాలకి ఒక భాగం కూడా దాటకూడదు. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఇలాంటి ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చిన కేసులు బయటపడ్డాయి, మొహానికి రాసింది మూత్రపిండాల దాకా వెళ్ళింది. కాలోమెల్, మెర్క్యూరస్ క్లోరైడ్ అని (రెండూ పాదరసం కలిసిన దాని పేర్లే) ఎక్కడైనా కనపడితే ఆ డబ్బా ఇంట్లో ఉంచకండి.

ఇంకో మాట, మంగు షుగర్ లాంటిది, అదుపులో పెట్టుకునేదే. నాది కార్తీకం నుంచి శివరాత్రి దాకా దాదాపు కనపడదు, ఉగాది దాటగానే బుగ్గల మీద మళ్ళీ నీడలాగా తేలిద్ది, అప్పుడు కొత్త క్రీమ్ కోసం పరిగెత్తకుండా మొదట సన్‌స్క్రీన్ కొలత సరిచూసుకుంటా, గొడుగు బండి డిక్కీలోకి మారుస్తా. దసరాకి కొండ మీద అమ్మవారి క్యూలో గంటలు నిలబడాల్సి వస్తే తెల్లవారుజాము దర్శనానికే వెళ్తాం ఇంట్లోవాళ్ళం అందరం. ఒక సిట్టింగ్‌లో మంగు మాయం అని లేజర్ ప్రకటనలు చూసి వెళ్ళేవాళ్ళకి కూడా చెప్తున్నా, మన రంగు చర్మానికి లేజర్ వేడి ఎక్కువైతే నల్లటి మచ్చలే మిగులుతాయి, పీల్స్ (మందు రాసి చర్మం పై పొర ఊడేలా చెయ్యడం) అయినా లేజర్ అయినా క్రీములూ సన్‌స్క్రీనూ సరిగ్గా కొన్ని నెలలు వాడాక, చర్మ డాక్టరే చేస్తేనే చేయించుకోండి, బ్యూటీ పార్లర్లో వద్దు.

డాక్టర్ కోసం విజయవాడలో అయితే సూర్యారావుపేట, గుంటూరులో అయితే కొత్తపేట, ఆ వీధుల్లో చర్మ డాక్టర్లకి కొదవ లేదు, బోర్డు మీద డిగ్రీ పక్కన డెర్మటాలజీ లేదా డీవీఎల్ అని ఉందో లేదో చూసి వెళ్ళండి. ఫీజు కష్టమనుకుంటే గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లో, విజయవాడ పెద్దాసుపత్రిలో చర్మ వ్యాధుల ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్ళి చీటీ తీసుకోవాలి. ఆ రోజు మొహానికి పౌడర్, ఫౌండేషన్ ఏదీ రాసుకోకండి. ఇన్నాళ్ళూ వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్ళండి, ఏవైనా మాత్రలు వేసుకుంటుంటే వాటి అట్టలు కూడా. ఎవరో తిడతారని దాచకండి, ఏ ట్యూబు ఎన్ని నెలలు రాశారో తెలిస్తేనే వాళ్ళు సరైన మందు రాయగలరు.